తలా ఒక చోట ఉన్న కుటుంబానికి ఏడాది ఉత్తరం ఎట్లా రాయాలి?

ప్రశ్న: హనుమకొండ పెద్దకోడలు

అందరికీ నమస్కారం. మా అత్తగారింటి తరఫున ఏడాదికొకసారి బంధువులందరికీ రాసే ఉత్తరం ఈసారి నా చేతికి వచ్చింది. మా మామయ్య ఉన్నన్నాళ్ళు దసరా వెళ్ళిన వారంలో వరండాలో కూర్చొని, ఆ ఏడు ఇంట్లో, ఊళ్ళో, పొలం మీద జరిగినవన్నీ ఒక ఉత్తరంగా రాసి, దాన్నే ఒక్కొక్కరికి మళ్ళీ చేతితో ఎత్తి రాసి, కవరులో జమ్మి ఆకు పెట్టి తమ్ముళ్ళకు, అక్కచెల్లెళ్ళకు, వియ్యాలవారికి పంపేవారు. ఆయన కాలం చేసిన తరువాత ఆ ఉత్తరం ఆగిపోయింది. వాట్సాప్ గ్రూపులో ఫోటోలు రోజూ వస్తున్నా, మా చిన్నమామయ్యలు మాత్రం కలిసిన ప్రతిసారీ అన్న ఉత్తరాన్నే తలచుకుంటున్నారు. అందుకని అత్తమ్మ, హైదరాబాదులో ఉండే మా మరిది, డాలస్‌లో ఉండే మా ఆడబిడ్డ ముగ్గురూ కలిసి ఈ బాధ్యతను నాకు అప్పగించారు.

రాయడానికి విషయాలకు కొదువ లేదు. నిరుడు, అంటే 2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలకు కాళేశ్వరం వెళ్ళి మామయ్యకు పిండప్రదానం చేశాము. ఆ సెలవుల్లోనే మరిది పిల్లలు వచ్చినప్పుడు అందరం కలిసి రామప్పకు, లక్నవరానికి వెళ్ళాము. అక్టోబరు చివర మొంథా తుపాను వానకు మా కాలనీలోకి నీళ్ళు వచ్చాయి, పరకాల దగ్గరి మా ఊళ్ళో పత్తి చేతికి వచ్చే వేళ తడిసిపోయింది. అత్తమ్మకు మోకాలి ఆపరేషను జరిగింది. డిసెంబరులో సర్పంచి ఎన్నికలు, మొన్న జనవరి నెలాఖరున మేడారం జాతర. వీటన్నిటి నడుమ మరిది ఉద్యోగం పోయి, మూడు నెలలు ఇంట్లో ఉండి, మళ్ళీ వేరే చోట చేరాడు.

నాకు తెగని సందేహాలు కొన్ని ఉన్నాయి. మా అమ్మాయి పదో తరగతి, అబ్బాయి ఆరో తరగతి చదువుతున్నారు. మా యారాలి కూతురు కూడా పదో తరగతే. పిల్లల గురించి రాయకుంటే పెద్దలు చిన్నబుచ్చుకుంటారు, రాస్తే ఒకరితో ఒకరిని పోల్చుతారు. కష్టాల సంగతి ఎంతవరకు రాయవచ్చు, ఎక్కడ ఆపాలి అన్నది రెండవది. ఉత్తరాన్ని మామయ్య లాగా దసరాకే రాయాలా, లేక ఈ మార్చి 19న వచ్చే ఉగాదికి పంపితే బాగుంటుందా అన్నది మూడవది. ఇట్లాంటి ఉత్తరాలు రాసినవారు, అందుకున్నవారు తమ అనుభవం చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: నర్సంపేట విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, మీ మామయ్యగారి పద్ధతిని నిలబెట్టాలన్న మీ సంకల్పం నాకు ఎంతో సంతోషం కలిగించింది. నేను బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. మా ఇంట్లోనూ ఇట్లాంటి ఉత్తరం ఏటా రాస్తాము.

ముందుగా సమయం సంగతి చెబుతాను. ఉగాదికి పంపండి. మార్చి నెలలో మీ అమ్మాయి, మీ యారాలి కూతురు ఇద్దరూ పరీక్షల్లో ఉంటారు, ఫలితాలు ఇంకా రావు. అంటే ఆ వేళ మీరు రాసే ఉత్తరంలో మార్కులకు చోటే ఉండదు. అదే ఉత్తరాన్ని ఫలితాలు వచ్చిన తరువాత రాస్తే, మీరు రాయకున్నా చదివేవారు వాటినే వెతుకుతారు. ఇప్పుడైతే ఆ పిల్ల ఎట్లా ఉంది, ఏం చేస్తోంది, దేనికి నవ్వుతుంది, ఎవరికి సాయపడుతుంది అన్నది రాయడానికి మీకు తీరిక దొరుకుతుంది. మీ కాలనీలోకి నీళ్ళు వచ్చిన రాత్రి మీ పిల్లలు ఏం చేశారు? కింది పోర్షన్ వాళ్ళ సామాను పైకి ఎవరు మోశారు? అట్లాంటి ఒక్క సంగతి చాలు. దూరాన ఉన్న తాతలకు, మేనత్తకు ఆ పిల్లల స్వభావం దానితోనే తెలుస్తుంది.

ఇక ప్రయాణాలు. వెళ్ళిన చోట్లన్నిటికీ తలా రెండు వాక్యాలు రాస్తే అది యాత్రల జాబితా అవుతుంది. ఒక్క చోటును ఎంచుకొని నిలిచి రాయండి. రామప్ప గుడిని గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడని, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించిందని మీ బంధువులు ఎక్కడైనా చదువుకోగలరు. ఆ గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీటి మీద తేలుతాయని గైడు చెప్పినప్పుడు మీ ఆరో తరగతి అబ్బాయి ఏమని అడిగాడు, ఇసుక నింపిన పునాది మీద అంత బరువు ఎట్లా నిలుస్తుందని మరిది పిల్లలతో ఎంతసేపు వాదించాడు అన్నది మీరు రాయకపోతే మరెవరూ రాయలేరు.

కాని నా మాట వింటే, ఈసారి మీరు నిలిచి రాయవలసిన చోటు కాళేశ్వరం. సరస్వతీ పుష్కరాలు పన్నెండేళ్ళకొకసారి వస్తాయి. నిరుడు మే 15 నుంచి 26 వరకు జరిగాయి. గోదావరిలో ప్రాణహిత కలిసే చోట, సరస్వతి అంతర్వాహినిగా ఉందని మనం నమ్మే ఆ సంగమంలో, మీ మామయ్యగారి పేరు చెప్పి తిలోదకాలు విడిచినప్పుడు ఆయన తమ్ముళ్ళలో ఎంతమంది అక్కడ ఉన్నారు? రాలేకపోయినవారికి ఆ ఉదయం సంగతి పూర్తిగా తెలియాలి. కర్మ చేసిన కుమారుని పక్కన ఎవరు కూర్చున్నారు, తాత ముత్తాతల పేర్లు చెప్పమని పురోహితుడు అడిగినప్పుడు ఎవరికి ఎంతవరకు గుర్తున్నాయి, మరిచిన పేరును ఎవరు అందించారు, ఎండ ఎట్లా ఉంది, నీళ్ళు ఎంత లోతున ఉన్నాయి, గుళ్ళో ఒకే పానవట్టం మీది రెండు లింగాలకు మొక్కేటప్పుడు మీ అత్తమ్మ ఏమన్నారు, ఇవన్నీ రాయండి. ఆ మూడు తరాల పేర్లను కూడా ఉత్తరంలో రాసి పెట్టండి. డాలస్‌లో పుట్టిన పిల్లలకు అవి మరెక్కడా దొరకవు.

జవాబు: న్యూజెర్సీలో ఉంటున్న వరంగల్ ఆడబిడ్డ

వదినగారూ, నేను ఇట్లాంటి ఉత్తరాన్ని అందుకునే పక్షాన ఉన్నాను కాబట్టి ఆ వైపు నుంచి రాస్తున్నాను. మా చిన్న వదిన ప్రతి ఏడూ రాస్తుంది. ఆమె ఉత్తరం వచ్చిన రోజు నేను పని తొందరగా ముగించుకొని ఇంటికి వస్తాను.

వాట్సాప్‌లో అన్నీ తెలుస్తాయి కదా అని చాలామంది అనుకుంటారు. సద్దుల బతుకమ్మ నాటి రాత్రి మా అమ్మ పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ పక్కన నిలబడి ఉన్న ఫోటో నాకు గంటలోపే వచ్చింది. పట్టుచీర, తలలో పూలు, నవ్వు ముఖం, అంతా బాగుంది. అమ్మ ఆ ఏడు ఆడలేదని, మోకాళ్ళు సహకరించక ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కూర్చొని చప్పట్లు మాత్రం కొట్టిందని, ఫోటో కోసం మాత్రమే లేచి నిలబడిందని నాకు ఉత్తరంలో తెలిసింది. తంగేడు ఈసారి ఊరి చెరువు కట్ట మీద దొరకలేదని, బజారులో కొన్నారని, గునుగుకు రంగులు అద్దే పని మా మేనకోడలు మొదటిసారి ఒక్కతే చేసిందని, సత్తుపిండిలో బెల్లం ఎక్కువైందని అమ్మ గొణిగిందని, ఇవన్నీ అందులోనే ఉన్నాయి. మేము ఇక్కడ వీలైన శనివారం నాడు ఒక బడి హాలులో, దుకాణంలో దొరికిన చామంతులతో బతుకమ్మ పేరుస్తాము. అక్కడ పేర్చిన వరుసలు ఏ పూలవో తెలిస్తే మా పిల్లలకు చెప్పుకోగలుగుతాము.

వీధి సంగతులు తప్పకుండా రాయండి. ఎదురింటివారు ఇల్లు అమ్మారా, మూల మీది కిరాణం కొట్టు ఎవరు నడుపుతున్నారు, వినాయకుణ్ణి ఈసారి ఎక్కడ కూర్చోబెట్టారు, ఎవరు పోయారు. ముఖ్యంగా ఎవరు పోయారన్నది. మా పక్కింటి పెద్దమ్మ పోయిన సంగతి తెలియక, సెలవుల్లో వచ్చినప్పుడు ఆమెకోసం తెచ్చిన శాలువా చేతిలో పట్టుకొని వాళ్ళ ఇంటి తలుపు తట్టాను. నాకు చెప్పకూడదని ఎవరూ అనుకోలేదు. ఎవరికి వారు నాకు ఇంకెవరో చెప్పే ఉంటారనుకున్నారు.

మీ అత్తమ్మగారి ఆపరేషను దాచవద్దని నా మనవి. దూరాన ఉన్న బిడ్డ ఆందోళన పడుతుందని దాస్తారు. కాని ఒకసారి దాచారని తెలిసిన తరువాత, అంతా కులాసా అని రాసిన ప్రతి ఉత్తరాన్నీ ఆ బిడ్డ అనుమానంతోనే చదువుతుంది.

జవాబు: కరీంనగర్ యువకుడు

ఉపాధ్యాయులవారి సలహా నాకు చాలావరకు నచ్చింది. అయితే ఒక విషయంలో నేను ఇంకొంచెం ముందుకు పోవాలనుకుంటున్నాను. మార్కులు రాయకపోవడం ఒక్కటే సరిపోదు. పిల్లల గురించి ఏది రాసినా, అది మెచ్చుకోలు అయినా సరే, ముందుగా ఆ పిల్లలకు చదివి వినిపించి, వాళ్ళు ఒప్పుకున్న తరువాతే పంపాలి.

ఇంటర్ మొదటి సంవత్సరంలో నాకు గణితం ఒక పేపరు పోయింది. సప్లిమెంటరీలో రాసి గట్టెక్కాను. ఆ సంగతిని మా ఇంటి పెద్దలు ప్రేమతోనే, పిల్లవాడు కష్టపడి మళ్ళీ నిలబడ్డాడని గొప్పగా ఉత్తరంలో రాశారు. ఆ తరువాత ప్రతి పెళ్ళిలోనూ, భోజనాల బల్ల దగ్గర, నేను పేరు కూడా ఎరుగని బంధువులు భుజం తట్టి గణితం ఇప్పుడు ఎట్లా ఉందని అడిగేవారు. నేను ఇంజనీరింగు పూర్తి చేసి ఉద్యోగంలో చేరిన తరువాత కూడా ఆ ప్రశ్న ఆగలేదు. ఉత్తరంలోని మాటకు ఉన్న బరువు ఫోనులో చెప్పిన మాటకు ఉండదు. దాన్ని పదిమంది చదువుతారు, దాచుకుంటారు, మళ్ళీ తీసి చదువుతారు.

మా అక్క ఇప్పుడు వేరే పద్ధతి పెట్టింది. ఉత్తరంలో పిల్లలకు వాళ్ళ చోటు వాళ్ళకు ఇస్తుంది. పెద్దవాళ్ళు ఆ భాగాన్ని దిద్దరు. నిరుడు మా మేనల్లుడు తన చదువు గురించి ఒక్క మాట రాయకుండా, ఇంటి వెనక వేపచెట్టు మీది కాకి గూడు గురించే ఒక పేజీ రాశాడు. మా పెద్దబాపు దాన్ని ఇంటికి వచ్చిన వారందరికీ చదివి వినిపించారు.

జవాబు: పరకాల మండలం రైతు

అమ్మా, మీది మా పక్క ఊరే అయి ఉంటుంది. వాన సంగతి మీరు ఎత్తారు కాబట్టి రాస్తున్నాను.

పంట నష్టాన్ని ఉత్తరంలో రాయండి, కాని అంకెల లెక్కగా రాయవద్దు. పట్నంలో ఉన్న తమ్ముళ్ళకు పత్తి తడిసిందంటే ఆరబెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. విచ్చిన కాయ చెట్టు మీదనే నానిన తరువాత దూది రంగు మారుతుందని, కింది కాయలు విచ్చకుండానే మురిగిపోతాయని, తేమ 12 శాతం దాటితే మద్దతు ధరకు తీసుకోరని, పొడుగు పింజ పత్తికి 2025-26లో క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర ఉన్నా తడిసిన సరుకును అంతకు ఎంతో తక్కువకు వదులుకోవలసి వచ్చిందని ఓపికగా చెప్పండి. ఏరిన పత్తిని ఇంట్లోకి తెచ్చి, మంచాలు బయట వేసి, వసారా నిండా పరచి, రాత్రింబగళ్ళు తిరగేసిన సంగతి చెప్పండి. భూమిలో వాటా ఉండి ఊళ్ళో లేనివారికి ఇది తెలియాలి. తెలిస్తే కౌలు సంగతి మాట్లాడేటప్పుడు వాళ్ళ మాట తీరు వేరుగా ఉంటుంది.

అప్పుల సంగతి, పంపకాల సంగతి, ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలన్న సంగతి మాత్రం అందరికీ పోయే ఉత్తరంలో ఒక్క వాక్యం కూడా ఉండకూడదు. అవి కూర్చొని మాట్లాడుకునేవి. సర్పంచి ఎన్నికలో మీవాళ్ళు ఎవరికి వేశారన్నది కూడా వదిలేయండి. ఎవరు గెలిచారు, ఊరికి ఏం చేస్తామన్నారు అన్నంతవరకు చాలు. మేడారం వెళ్ళిన సంగతి రాయండి. జాతర రెండేళ్ళకొకసారి కాబట్టి, సమ్మక్కను చిలుకలగుట్ట నుంచి తెచ్చే వేళకు మీరు అక్కడ ఉన్నారా, ఎవరి ఎత్తు బంగారం, అంటే బెల్లం, తూగించారు, ఎవరి మొక్కు ఇంకా మిగిలి ఉంది అన్నది కుటుంబంలో అందరికీ పనికివచ్చే సమాచారం. మొక్కు మరిచిపోతే మళ్ళీ 2028 దాకా ఆగాలి.

జవాబు: వేములవాడ కోడలు

ఒక చిన్న మాట. మా పుట్టింట్లో సద్దుల బతుకమ్మ తొమ్మిదవ నాడు, ఇక్కడ వేములవాడలో ఏడవ నాడు చేస్తాము. ఇట్లాంటి తేడాలు పెళ్ళయి వచ్చిన కోడళ్ళకు తెలుసు గాని, తరువాతి వాళ్ళకు తెలియవు. మీ ఉత్తరం వియ్యాలవారికి కూడా వెళుతుంది కాబట్టి, ఏ ఇంట ఏ పండుగ ఎప్పుడు, ఎట్లా జరిగిందో ఒక పేరా రాస్తే రెండు వైపుల వారికీ సంతోషంగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు: హనుమకొండ పెద్దకోడలు

ఇంత శ్రద్ధగా రాసినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులను రాత్రి భోజనాల తరువాత ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. ఉత్తరాన్ని ఉగాదికే పంపాలని నిర్ణయించాము. దసరాకు జమ్మి ఆకుతో ఒక కార్డు వేరుగా పంపుదామని అత్తమ్మ అన్నారు.

మరిది సంగతి ఆయననే అడిగాను. ఉద్యోగం పోయిన మాట తానే రాస్తానని, తనలాంటి పరిస్థితిలో ఉన్న చిన్నమామయ్య కొడుకు అది చదివితే ధైర్యంగా ఉంటుందని అన్నాడు. ఆ భాగాన్ని నేను ముట్టుకోను. నేను రాసిన కాళేశ్వరం భాగంలో కొంత ఇక్కడ పెడుతున్నాను, సరిదిద్దవలసినది ఉంటే చెప్పగలరు.

"పురోహితుడు మూడు తరాల పేర్లు అడిగినప్పుడు మావారు తండ్రి పేరు, తాత పేరు చెప్పి ఆగిపోయారు. ముత్తాత పేరు మా ఎవరికీ గుర్తుకు రాలేదు. వెనక ఒడ్డు మీద గొడుగు కింద కూర్చున్న అత్తమ్మ అక్కడి నుంచే గట్టిగా ఆ పేరు చెప్పారు. ఆమె పెళ్ళయి వచ్చేనాటికే ఆయన లేరు. అయినా ప్రతి ఏడూ తద్దినానికి వంట చేస్తూ విన్న పేరు కాబట్టి ఆమెకు నోటికి వచ్చు. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. మా అమ్మాయి ఆ పేరును ఫోనులో రాసుకున్నది."

జవాబు: నర్సంపేట విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, ఇందులో దిద్దవలసినది ఏమీ లేదు. ఆ ముత్తాత పేరును మాత్రం ఉత్తరంలో తప్పక రాయండి.

ఇక అచ్చు సంగతి. అక్షరాలు పెద్దవిగా, పదహారు పాయింట్లకు తగ్గకుండా పెట్టించండి. శుక్లాలు వచ్చిన కళ్ళకు ఫోను తెర కంటే కాగితమే నయం. మామూలు ఎ-నాలుగు కాగితం ఒక్కొక్కటి అయిదు గ్రాములు తూగుతుంది, కాబట్టి రెండు కాగితాలకు రెండు వైపులా అచ్చు వేసి కవరులో పెట్టినా ఇరవై గ్రాములు దాటదు, అయిదు రూపాయల తపాలా బిళ్ళతో పోతుంది. మీ అత్తమ్మగారి తరం వారు చదవలేకపోతే ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. అందుకని పంపే ముందు మీరే ఒకసారి పైకి చదివి చూడండి. నోరు తిరగని వాక్యం ఉంటే దాన్ని రెండుగా విడగొట్టండి.

ప్రశ్న అడిగినవారు: హనుమకొండ పెద్దకోడలు

అట్లాగేనండి. ముత్తాత పేరును, ఆయన భార్య పేరును కూడా అత్తమ్మను అడిగి రాసుకున్నాను. విదేశాల్లో ఉన్నవారికి అదే ఉత్తరాన్ని పీడీఎఫ్‌గా పంపి, ఒక కాపీని మా ఆడబిడ్డ ఈసారి వచ్చినప్పుడు చేతికిస్తాను. అబ్బాయి తన భాగం రాయడం మొదలుపెట్టాడు, అంతా మేడారంలో చూసిన జంపన్న వాగు గురించే. అమ్మాయి మాత్రం పరీక్షలు ముగిసేదాకా ఏమీ రాయనని చెప్పింది. కాబట్టి ఆమె పేజీని మే నెలలో విడిగా పంపుతామని ఉత్తరంలోనే ఒక వాక్యం రాస్తున్నాను.